కన్నీటికీ సాక్ష్యం కావాలట!

ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవ టీవీలో వచ్చిందంటే చాలు, క్రికెట్ మ్యాచ్ పెట్టినట్టే ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. "నువ్వెటు?" అన్నదే మొదటి ప్రశ్న. అటా, ఇటా అని తేల్చి చెప్పకపోతే ఏమీ తెలియనివాళ్ల కింద జమ కట్టేస్తారు. ఆడవాళ్లమూ ఏం తక్కువ తినలేదు లెండి. ఫోన్లో వచ్చిన ఒక్క ఫొటో చూసి, అది ఎక్కడిదో ఎప్పటిదో కూడా కనుక్కోకుండా పదిమందికి పంపేసి, మన వంతు తీర్పు మనమూ చెప్పేస్తున్నాం.

ముందు జరిగినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. 2023 అక్టోబరు 7 తెల్లవారుజామున హమాస్ సాయుధులు గాజా కంచె తెంచుకుని ఇజ్రాయెల్‌లోకి చొరబడ్డారు. సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ గాజా మీద రెండేళ్ల పాటు యుద్ధం సాగించింది. 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ వచ్చింది. ఆ ఏడాది నవంబరు చివరికి చనిపోయినవాళ్లు 70 వేలు దాటారని గాజా ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. అందులో దాదాపు సగం ఆడవాళ్లు, పిల్లలే.

ఈ గొడవకి మూలం 1948లో ఉందా, 1967లో ఉందా, ఇంకా వెనక ఉందా అన్న చర్చ పెద్దవాళ్లు చాలానే చేశారు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఒక ఆడమనిషి నోరు విప్పి "ఇలా జరిగింది" అంటే, "ఏం జరిగిందమ్మా?" అని అడిగేవాళ్లు కరువయ్యారు. "ముందు నువ్వు ఎవరి మనిషివో చెప్పు" అంటున్నారు. ఆ జవాబును బట్టే నమ్మడమో, నమ్మకపోవడమో!

తెర ముందు కూర్చున్న అమ్మాయిలు

మొదట సొంతవాళ్లే నమ్మని అమ్మాయిల సంగతి చూద్దాం. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకి కూడా సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. గాజా సరిహద్దులో నహల్ ఓజ్ అనే సైనిక స్థావరం ఉంది. అక్కడ పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై ఏళ్ల అమ్మాయిలు కెమెరా తెరల ముందు కూర్చుని కంచె వైపు రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలి. చేతిలో తుపాకీ ఉండదు. రోజూ అదే కంచె, అదే పొలం, అవే మొహాలు. అలా చూసి చూసి అవతల ఏ రైతు ఎన్నింటికి పొలానికి వస్తాడో కూడా వాళ్లకి తెలిసిపోతుంది. ఇంటి ముందు వీధిలో కొత్త మనిషి తిరిగితే మనకి ఎలా తెలిసిపోతుందో, అలాగన్నమాట.

2023లో ఆ అమ్మాయిలు తేడా గమనించారు. కంచె దగ్గరకి కొత్త మనుషులు వచ్చి పరిశీలించి పోతున్నారు. దాడి ఎలా చేయాలో సాధన చేస్తున్నారు. బాంబులు పేల్చి చూస్తున్నారు. అమ్మాయిలు ఎప్పటికప్పుడు పై అధికారులకి రాసి పంపారు. వాళ్లు పట్టించుకోలేదు. మీరు కళ్లు మాత్రమే, ఆలోచించాల్సిన బుర్ర మీది కాదు అన్న ధోరణిలో అధికారులు మాట్లాడారని ఆ దళంలో పనిచేసినవాళ్లు తర్వాత అక్కడి పత్రికలకి, టీవీలకి చెప్పారు. అదే ఏడాది జులైలో సైనిక నిఘా విభాగంలో మరో మహిళ కూడా హమాస్ చేస్తున్న సాధన తమకి ముందే దొరికిన దాడి పథకంతో సరిగ్గా సరిపోతోందని రాసింది. అదంతా ఊహ అని ఒక కల్నల్ కొట్టిపారేశాడు.

అక్టోబరు 7న హమాస్ ముందుగా వచ్చిపడిన చోట్లలో నహల్ ఓజ్ ఒకటి. ఆ స్థావరంలో 50 మందికి పైగా సైనికులు చనిపోయారు. వాళ్లలో తెరల ముందు కూర్చునే అమ్మాయిలు పదిహేను మంది దాకా ఉన్నారు. మరో ఏడుగురిని ఎత్తుకుపోయారు. ఒకమ్మాయిని సైన్యం విడిపించుకుంది, ఒకమ్మాయి చెరలోనే చనిపోయింది. మిగిలిన ఐదుగురూ 2025 జనవరిలో ఇల్లు చేరారు. అంటే పదిహేను నెలలకి పైగా!

"ఆడపిల్లలు, ప్రతిదానికీ కంగారు పడతారు" అనే మాట మనకి కొత్త కాదు. కడుపునొప్పి అంటే గ్యాస్ అంటారు, ఎవరో వెంటపడుతున్నాడంటే నీ భ్రమ అంటారు. అత్యాధునిక సైన్యం అని పేరున్న చోట కూడా ఇదే బుద్ధి పనిచేసిందంటే ఏమనుకోవాలి?

ఎనిమిది వారాల మౌనం

ఇక చెప్పడానికి నోరు రాని విషయం. ఆ రోజు దాడిలో ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయని మొదటి వారాల్లోనే సాక్షులు, శవాలను చూసినవాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. ప్రపంచంలో ఏ మూల ఆడవాళ్లకి అన్యాయం జరిగినా గొంతెత్తాల్సిన ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం హమాస్ దాడులను సూటిగా ఖండించింది ఎప్పుడో తెలుసా? డిసెంబరు 1న. దాదాపు ఎనిమిది వారాల తర్వాత. "అందరి బాధా వింటారు, యూదు ఆడవాళ్ల బాధ మాత్రం వినరా?" అని ఇజ్రాయెల్ మహిళా సంఘాలు నిలదీశాయి. అడగడంలో తప్పేముంది?

మరి ఎందుకు నోరు పెగల్లేదంటే, ఒప్పుకుంటే గాజా మీద బాంబులు వేయడానికి అదే సాకు అవుతుందేమోనని చాలామంది భయపడ్డారు. ఆ భయం పూర్తిగా ఉత్తదీ కాదు. యుద్ధాన్ని సమర్థించుకోవడానికి ఆ ఆడవాళ్ల బాధను వాడుకున్న మాట నిజం. అయినా, వాడుకునేవాడు ఉన్నాడని చెప్పి అనుభవించినదాని నోరు నొక్కేస్తే ఎలా?

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మొదటి రోజుల్లో శవాలు తీయడానికి వెళ్లిన స్వచ్ఛంద కార్యకర్తలు కొందరు చెప్పిన ఘోరాల్లో కొన్ని జరగనివని తర్వాత తేలింది. అంతే, అవతలివాళ్లకి అది చాలింది. రెండు కథలు అబద్ధమయ్యాయి కాబట్టి మొత్తం అబద్ధమే అన్నారు. అసలు శవాలను గుర్తుపట్టడమే గగనమైన ఆ గందరగోళంలో పరీక్షలు చేసి ఆధారాలు భద్రపరిచిన వాళ్లు లేరు. చాలామంది బాధితులు చెప్పుకోవడానికి బతికే లేరు.

చివరికి యుద్ధాల్లో లైంగిక హింస వ్యవహారాలు చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ప్రమీలా ప్యాటెన్ 2024 మొదట్లో ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్ వెళ్లి వచ్చి, మార్చి 4న నివేదిక ఇచ్చారు. ఆ రోజు పలుచోట్ల అత్యాచారాలు జరిగాయని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని, బందీల మీద కూడా లైంగిక హింస జరిగిందనడానికి స్పష్టమైన సమాచారం ఉందని చెప్పారు. బేరీ అనే ఊళ్లో జరిగాయని ప్రచారమైన రెండు ఘటనలకి మాత్రం ఆధారం లేదని అదే నివేదికలో రాశారు. నా మటుకు నాకు పద్ధతంటే ఇదే. జరిగింది జరిగిందనాలి, జరగనిది జరగలేదనాలి. కానీ ఆ నివేదికను పూర్తిగా చదివినవాళ్లు ఎందరు? ఒకవైపు వాళ్లు మొదటి సగం చించుకుని పట్టుకుపోయారు, రెండోవైపు వాళ్లు రెండో సగం. హమాస్ అయితే మొత్తం బుకాయించింది. ఆ నెలాఖర్లోనే విడుదలైన బందీల్లో ఒక న్యాయవాది ముందుకొచ్చి, చెరలో తన మీద జరిగిన అఘాయిత్యం గురించి తన పేరుతో సహా పత్రికకి చెప్పింది. అంత ధైర్యం చేసినా ఆమెను అబద్ధాలకోరు అన్నవాళ్లు ఉన్నారు.

ఫోన్లో పాప గొంతు

అటువైపు కూడా ఇదే వరస. 2024 జనవరి 29న గాజా నగరంలో ఒక కుటుంబం కారులో పారిపోతుంటే కాల్పులు జరిగాయి. అందరూ పోగా ఐదారేళ్ల పాప ఒక్కతే శవాల మధ్య మిగిలింది. పేరు హింద్ రజబ్. పాలస్తీనా రెడ్ క్రెసెంట్ వాళ్లతో ఆ పాప ఫోన్లో గంటల తరబడి మాట్లాడింది, వచ్చి తీసుకెళ్లమని బతిమాలింది. అంబులెన్సులో ఇద్దరు బయల్దేరారు. తర్వాత అందరి ఫోన్లూ మూగబోయాయి. పన్నెండు రోజులకి కారు దొరికింది, పాప శవమూ దొరికింది. కొంచెం దూరంలోనే కాలిపోయిన అంబులెన్సు.

అప్పుడు ఆ చుట్టుపక్కల మా బలగాలే లేవు అంది ఇజ్రాయెల్ సైన్యం. ఉపగ్రహ చిత్రాలు, శబ్దాలు పరిశీలించిన బయటి పరిశోధకులు ట్యాంకులు ఉన్నాయని, ఆ కారుకి 300కి పైగా తూటా రంధ్రాలు ఉన్నాయని తేల్చారు. ఆ ఫోన్ మాటలను యథాతథంగా వాడుకుని ట్యునీషియా దర్శకురాలు కౌథర్ బెన్ హనియా సినిమా తీస్తే, 2025లో వెనిస్ చిత్రోత్సవంలో దానికి గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. చంటిపిల్ల గొంతు రికార్డయి చెవుల్లో మోగుతున్నా "నిజమేనా?" అన్నవాళ్లున్నారంటే, రికార్డు కాని గొంతుల సంగతి అడగాలా?

పాలస్తీనా ఆడవాళ్లని నిర్బంధంలో లైంగికంగా హింసించారన్న ఆరోపణలు నమ్మదగినవని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2024 ఫిబ్రవరిలో అన్నారు. 2025 మార్చిలో విచారణ కమిషన్ ఇంకా వివరంగా నివేదిక ఇచ్చింది. ఇజ్రాయెల్ రెంటినీ పచ్చి అబద్ధమంది. ఆ కమిషన్‌ను దేశంలోకి అడుగుపెట్టనివ్వలేదు కూడా. అప్పుడు ఆ కమిషన్‌కి అధ్యక్షురాలు నవీ పిళ్లై. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగిన తమిళ మూలాల మహిళ. ఆవిడ గురించి ఒక్క మాట చెప్పాలి. రువాండా మారణకాండ మీద అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపినప్పుడు ధర్మాసనంలో ఆవిడొక్కరే మహిళ. అకయేసు అనే మేయరు మీద మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు నోరు విప్పారు, అడిగేవాళ్లు అడిగారు, అభియోగం చేరింది. 1998లో వచ్చిన ఆ తీర్పు అత్యాచారం కూడా జాతి నిర్మూలనలో భాగం కావచ్చని మొట్టమొదటిసారి చెప్పింది. వినేవాళ్లుంటే ఏం జరుగుతుందో చూశారుగా!

పిళ్లై కమిషన్ నివేదికలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. గాజాలో అల్ బస్మా అని సంతాన సాఫల్య కేంద్రం ఉండేది. 2023 డిసెంబరులో దాని మీద గుండు పడింది. ద్రవ నత్రజని ట్యాంకుల మూతలు ఎగిరిపోయి, లోపల భద్రపరిచిన 4 వేలకి పైగా పిండాలు పాడైపోయాయి. పిల్లల కోసం నగలమ్మి, అప్పులు చేసి ఆస్పత్రుల చుట్టూ తిరిగే దంపతులను మనం చూస్తూనే ఉన్నాం. ఆ పిండాల వెనక అలాంటివాళ్లెందరో! దీనికి లెక్క ఎవరు కడతారు? చచ్చినవాళ్ల జాబితాలో రాయరు, కూలిన మేడల జాబితాలోనూ రాయరు.

యుద్ధం మొదలయ్యేనాటికి గాజాలో సుమారు 50 వేల మంది గర్భిణులున్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి చెప్పింది. మత్తుమందు లేకుండా సిజేరియన్లు చేయాల్సి వచ్చింది. ఇక నెలసరి సంగతి. ప్యాడ్లు లేవు, నీళ్లు లేవు, చాటు లేదు. గుడారం గుడ్డలు చింపి వాడుకున్నారు. మన దగ్గర పెళ్లికో వ్రతానికో అడ్డొస్తుందని నెలసరి వాయిదా వేయడానికి వేసుకునే మాత్రలున్నాయి చూడండి, అవే మాత్రల కోసం గాజా ఆడవాళ్లు మందుల షాపుల్లో వెతుక్కున్నారు. ఇవి చర్చల్లోకి రావు. ఎందుకంటే వీటితో ఎవరూ ఎవరి మీదా గెలవలేరు కదా!

మనకెందుకు అంటారా?

మన దేశం మాట చెప్పుకోవాలంటే, పాలస్తీనాను రెండు ముక్కలు చేయడానికి 1947లో మనం వద్దని ఓటేశాం. 1950లో ఇజ్రాయెల్‌ని గుర్తించాం. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాం. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్యసంబంధాలు పెట్టుకున్నాం. అంటే ఇద్దరితోనూ మాట్లాడగల దేశం మనది. ఇంట్లో కూర్చుని వాదించేవాళ్లకి మాత్రం ఆ ఓపిక లేదు. అక్కడి గొడవను తెచ్చి ఇక్కడి గొడవకి అంటుగట్టి, మతాన్ని బట్టి పక్షం తేల్చేస్తున్నారు.

2023లో ఇజ్రాయెల్‌లో ఉన్న మనవాళ్లు సుమారు 18 వేలు. ఎక్కువమంది ముసలివాళ్లకి సేవలు చేసే పనిలో ఉన్నారు. కేరళవాళ్లే ఎక్కువ, మన తెలంగాణ జిల్లాల వాళ్లూ ఉన్నారు. అక్టోబరు 7న నీర్ ఓజ్ అనే ఊళ్లో ఇద్దరు కేరళ మహిళలు తాము చూసుకుంటున్న ముసలి దంపతులను లోపలి గదిలో పెట్టి, సాయుధులు తోస్తున్నా తలుపు పిడి వదలకుండా గంటల తరబడి పట్టుకుని నిలబడ్డారు. నలుగురూ బతికారు. ఆ ఇద్దరినీ "నువ్వెటు?" అని ఎవరైనా అడిగారా? బతుకుతెరువు కోసం వెళ్లినవాళ్లు, నమ్ముకున్న ముసలివాళ్లని వదల్లేదు, అంతే.

బల్ల దగ్గర కుర్చీ లేదు

ఆడవాళ్ల చేతిలో పెడితే యుద్ధాలే ఉండవు అంటుంటారు కొందరు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, నేను దాన్ని నమ్మను. 1969 నుంచి 1974 దాకా ఇజ్రాయెల్‌ని ఏలిన గోల్డా మేయర్ ఆడమనిషే. అసలు పాలస్తీనీయులనే వాళ్లే లేరన్న అర్థంలో మాట్లాడింది ఆవిడే. అలాగని ఆడవాళ్లు లేకుండా మగవాళ్లు సాధించిందేమిటని అడిగితే దానికీ జవాబు లేదు. 1991లో మాడ్రిడ్ సభకి పాలస్తీనా ప్రతినిధి వర్గం గొంతుగా వచ్చిన హనాన్ అష్రావీని ప్రపంచమంతా శ్రద్ధగా విన్నది. అసలు బేరం మాత్రం ఆవిడ లేని చోట, నార్వేలో గుట్టుగా సాగింది. 1993లో సంతకాలయ్యాయి. ఆ తర్వాత ఏమైందో తెలిసిందే. శాంతి చర్చల్లో ఆడవాళ్లకి చోటుండాలని భద్రతామండలి 2000 సంవత్సరంలో 1325 నెంబరు తీర్మానం చేసింది. కాగితం మీద బాగానే ఉంది.

బల్ల దగ్గర చోటు దొరకనివాళ్లు వీధిలో నిలబడ్డారు. పాతికేళ్లకి పైగా నడుస్తున్న పేరెంట్స్ సర్కిల్ అనే సంఘంలో చేరాలంటే ఒకే అర్హత, ఈ గొడవలో సొంతమనిషిని పోగొట్టుకుని ఉండాలి. యూదులైనా, పాలస్తీనీయులైనా సరే. కొత్త సభ్యులు రాకూడదని కోరుకునే సంఘం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో! అందులో రోబీ డామెలిన్ అనే తల్లి ఉన్నారు. 2002లో ఆమె కొడుకుని ఒక పాలస్తీనా సాయుధుడు కాల్చి చంపాడు. ఆమె ఆ సాయుధుడి తల్లిదండ్రులకి ఉత్తరం రాశారు. క్షమించేశానని సినిమా డైలాగు చెప్పలేదు, మాట్లాడుకుందామని అడిగారు.

ఇలాంటివే ఇంకో రెండు సంఘాలు. ఇజ్రాయెల్ ఆడవాళ్లది 2014లో పుట్టిన విమెన్ వేజ్ పీస్, పాలస్తీనా ఆడవాళ్లది 2021లో పుట్టిన విమెన్ ఆఫ్ ది సన్. రెండూ కలిసి 2023 అక్టోబరు 4న జెరూసలెంలోనూ, మృతసముద్రం ఒడ్డునా సభ పెట్టాయి. తల్లులుగా అడుగుతున్నాం, కూర్చుని మాట్లాడుకోండి అని నాయకులను కోరాయి. అక్టోబరు 4. మూడు రోజులు ఆగితే ఏడో తారీకు!

ఆ సభకి వచ్చినవాళ్లలో వివియన్ సిల్వర్ ఒకరు. కెనడాలో పుట్టి, ఇజ్రాయెల్‌లో స్థిరపడి, గాజాకి కూతవేటు దూరంలోని బేరీలో ఉండేవారు. 74 ఏళ్లు. గాజా నుంచి వైద్యం కోసం వచ్చే రోగులను తన కారులో ఇజ్రాయెల్ ఆస్పత్రులకి చేర్చేవారు. ఏడో తారీకున ఇల్లు తగలబడింది. బందీగా తీసుకుపోయారని అందరూ అనుకున్నారు. ఐదు వారాల తర్వాత బూడిదలో దొరికిన అవశేషాలు ఆవిడవేనని డీఎన్ఏ పరీక్ష చెప్పింది.

"శాంతి శాంతి అన్నావు, చూశావా ఏమైందో" అని ఆ చనిపోయిన మనిషిని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. తల్లి ఎక్కడుందో ఇంకా తెలియని రోజుల్లోనే కొడుకు యొనతన్ జైగెన్ టీవీల ముందు నిలబడి, గాజా పిల్లలని చంపితే మా అమ్మ తిరిగి రాదు అన్న అర్థంలో మాట్లాడారు. తర్వాత సోషల్ వర్కర్ ఉద్యోగం మానేసి అమ్మ చేసిన పనిలోకే దిగారు. వివియన్ పేరు మీద 2024 నుంచి ఏటా ఒక బహుమతి ఇస్తున్నారు. అది ఎప్పుడూ ఇద్దరికి కలిపే ఇస్తారు, ఒక యూదు మహిళకీ, ఒక అరబ్బు మహిళకీ.